కాపురం ఉన్నట్టు రుజువు

నేను పుట్టి పెరిగింది సిరొంచలో, ప్రాణహిత ఒడ్డున. మా ఒడ్డున నిలబడి చూస్తే అవతల చెన్నూరు తాలూకా ఊళ్లలో పొయ్యిల పొగ కనిపించేది. పెళ్లయి ఆ పొగల్లోకి నేనే వెళ్లాక, అక్కడివాళ్లు మా ఊరిని 'ఆవల' అనడం విని మొదట్లో చిరాకు పడ్డాను. చిన్నప్పటి నుంచీ నాకు ఆవల అంటే వాళ్లే మరి. రెండు పక్కలా తెలుగే మాట్లాడతారు, రెండు పక్కలా ఎండాకాలం ఇప్పపువ్వు ఏరుతారు, జొన్నగటక తింటారు. అయినా మా పక్క నాగపూర్ సర్కారుది, ఆ పక్క నిజాం సర్కారుది. నిజాం పాలన పోయి హైదరాబాద్ రాష్ట్రం అయ్యాక కూడా పాత కానూన్లు కొన్ని ఉన్నచోటనే ఉండిపోయాయి. వాటిలో ఒకటి వచ్చి నా మెడకు చుట్టుకుంది.

మా ఆయనది చెన్నూరు. జంగ్లాత్‌లో, అంటే అడవుల శాఖలో పని. అప్పటికి ఆఫీసు మాటలన్నీ ఉర్దూవే. నరికిన టేకు దుంగలకు సర్కారు ముద్ర కొట్టించి, తెప్పలు కట్టించి, నది మీద వదలడం ఆయన పని. ఆ తెప్పల లెక్క చూడటానికి ఒకసారి మా ఒడ్డుకు వచ్చి, ఆదివారం కావడంతో మా చర్చికి వచ్చారు. ఆ రోజు పాటలు ఎత్తుకున్నది నేను. శ్రుతి తప్పానని నాకు తెలుసు, ఆయనకు తెలియలేదు. మా పాస్టరుగారు మధ్యన ఉండి రెండు ఇళ్ల పెద్దల్నీ కూర్చోబెట్టి మాట్లాడించారు. మాలో పెళ్లి ఆడపిల్ల ఊరి చర్చిలోనే చేస్తారు. మాదీ సిరొంచలోనే జరిగింది. పాస్టరుగారు సంతకం చేసి ఇచ్చిన పెళ్లి కాగితం మడిచి పెట్టెలో పెట్టుకుని పడవెక్కాను. ఆ కాగితంతో ఎప్పుడో పని పడుతుందని అప్పుడు అనుకోలేదు.

నేను మిషన్ బడిలో చదివి పంతులమ్మ ట్రైనింగ్ అయిన మనిషిని. చెన్నూరులో సర్కారు ఆడపిల్లల బడి ఒకటి ఉండేది. దానికి ట్రైనింగ్ అయిన పంతులమ్మ దొరకడం లేదు. ఒక ముసలి పంతులుగారు కళ్లజోడు మీంచి చూస్తూ అక్షరాలు దిద్దిస్తుండేవారు. ఆయన పాఠం చెబుతుంటే నిద్రపోయే పిల్లలు నిద్రపోయేవాళ్లు, మిగతావాళ్లు గచ్చకాయలు ఆడుకునేవాళ్లు. బడుల ఇన్‌స్పెక్టరు నన్ను చూసి సంతోషపడి, "జూన్‌ల బడి తెరవంగనే చేరమ్మా, ముల్కీ సర్టిఫికెట్ ఒక్కటి తెచ్చుకో" అన్నారు. ఆ ఒక్కటీ అన్న మాట ఆయన ఎంత తేలిగ్గా అన్నారో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ముల్కీ అంటే ఈ ముల్కు మనిషి, ఈ గడ్డ మనిషి. సర్కారు కొలువులు ముల్కీలకే. ఇక్కడ పుట్టి ఉండాలి, లేకపోతే ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి ఉండాలి. ఇంకో దారి కూడా ఉంది: ముల్కీని పెళ్లాడిన ఆడది ముల్కీ అవుతుంది. నా దారి అదే. మా ఆయన ముత్తాతలదీ చెన్నూరే కాబట్టి ఇందులో చిక్కేముందని అనుకున్నాం. తహసీలు కచేరీలో దరఖాస్తు పెట్టాం. తాలూకా నుంచి విచారణ అయి, ఆదిలాబాద్ పోయి, కలెక్టరు దస్తకత్, అంటే సంతకం, అయి రావాలి. అప్పుడే పట్నంలో, అంటే హైదరాబాద్‌లో, విద్యార్థులు రోడ్లెక్కి ఉన్నారు. బయటివాళ్లు దొంగ ముల్కీ కాగితాలు పుట్టించి కొలువులు ఎగరేసుకుపోతున్నారని వాళ్ల గోడు. వాళ్ల గోడులో నిజముంది. కాకపోతే ఆ గొడవ వల్ల ప్రతి దరఖాస్తునూ భూతద్దం పెట్టి చూడటం మొదలైంది. ఆ భూతద్దం కిందికి నేనూ వెళ్లాను.

ఆ కొలువు నాకెందుకు అంత కావలసి వచ్చిందో చెప్పాలి. డబ్బుకు ఇబ్బంది ఉన్నమాట నిజమే, కానీ అదొక్కటే కాదు. చెన్నూరులో కూరగాయలమ్మే ఆమె మొదలుకొని పక్కింటామె దాకా నన్ను 'ఆవలి పిల్ల' అనేవాళ్లు. తిట్టు కాదు, గుర్తు. ఎన్నాళ్లయినా అదే గుర్తు. బడిలో బల్ల ముందు నిలబడితే పిల్లలు నన్ను పంతులమ్మా అంటారు, వాళ్లను కన్న అవ్వలు కూడా అంటారు. ఆ పిలుపు కోసం నేను చాలా ఆశపడ్డాను. పైగా నాకు చదువు చెప్పడం వచ్చు. వచ్చిన పని చేయకుండా ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. మా అత్తమ్మకు ఈ సంగతి నేను కాపురానికి వచ్చిన నెలలోనే అర్థమైంది.

మా అత్తమ్మ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పొట్టి మనిషి, గట్టి గొంతు. చదువు లేదు. ఆదివారం చర్చిలో అందరికంటే ముందు కూర్చుని అందరికంటే గట్టిగా పాడేది. అదే మనిషి దిష్టిని దేవుడితో సమానంగా నమ్మేది. నలుగురు పిల్లలు పుట్టి పోయాక మా ఆయన పుట్టారట. పుట్టగానే తీసుకుపోయి పెంటకుప్ప మీద వేసి, ఎవరో పారేసిన పిల్లాణ్ణి ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చింది. బాప్టిజంలో పెట్టిన మంచి పేరు రిజిస్టరులో ఉండిపోయింది, ఊళ్లో మాత్రం ఆ కుప్ప పేరే నిలిచింది. ఆ పేరేమిటో మా వైపు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. "గిట్ల చేస్తే పాస్టరుగారు కోప్పడలేదా?" అని అడిగాను ఒకసారి. "ఆయనకెందుకు చెప్తం?" అంది.

దరఖాస్తు పెట్టిన కొన్నాళ్లకు నేను నెల తప్పాను. తొలికాన్పు పుట్టింట్లో. దీనికి కులం, మతం, సర్కారు ఏవీ అడ్డు కావు. ఏడో నెల పడగానే మా అన్న బండి కట్టుకుని వచ్చాడు. నేను ప్రాణహిత దాటి సిరొంచ చేరాను. దరఖాస్తు సంగతి మా ఆయన చూసుకుంటారనుకున్నాను. ఆయన కొత్త కూపులో, అంటే ఆ ఏడు నరకడానికి గీసిన అడవి ముక్కలో, నరుకుడు మొదలైందని అడవిలోకి వెళ్లిపోయారు. ఇంట్లో అత్తమ్మ ఒక్కతే ఉంది. సరిగ్గా అప్పుడు గిర్దావర్ సాబ్ విచారణకు వచ్చాడు.

గిర్దావర్ అంటే పట్వారీల పైన ఉండే అధికారి. ఈయన ఆ తాలూకావాడే, మంచివాడనే పేరు. వాకిట్లో మంచమేసి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అత్తమ్మ గడప దగ్గర నిలబడింది. తర్వాత ఆమే నాకు చెప్పింది, ఎవరి మాట ఏదో వదలకుండా.

"కోడలేదమ్మా?" అన్నాడట ఆయన.

"అవ్వగారింటికి పోయింది."

"ఎందుకు పోయింది?"

"పోయింది."

"ఎప్పుడొస్తది మల్ల?"

"దేవునికెర్క."

పరాయి మగవాడికి, అందులోనూ కాగితం పట్టుకుని వచ్చిన సర్కారు మనిషికి, మా కోడలు కడుపుతో ఉందని చెప్పడం ఆమె వల్ల అయ్యే పని కాదు. మా వైపు ఎవరూ చెప్పరు. బిడ్డ భూమ్మీద పడి, కొంచెం గట్టిపడేదాకా ఆ మాటే బయటికి రాకూడదు. గిర్దావర్ కాస్త ఆలోచించి, "ఏమన్న లొల్లి అయ్యిందా ఇంట్ల?" అని అడిగాడట. అత్తమ్మకు ప్రాణం లేచి వచ్చింది. దాచిపెట్టడానికి మంచి చాటు దొరికిందనుకుంది. "ఇండ్లన్నంక లొల్లి ఉండదా సాబ్" అంది. ఇంకాస్త నమ్మకంగా ఉండాలని, "నోరు జర ఎక్కువ మా కోడలికి" అని కూడా అంది. ఈ రెండో మాట అబద్ధమని నేను అనలేను.

ఆయన ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాడు. అత్తింటితో గొడవపడి వెళ్లిపోయిన మనిషి, వేరే రాష్ట్రంలో తల్లిగారింట ఉంటున్నది, తిరిగి వచ్చే సంగతి తెలియదు, కాపురం ఉన్నట్టు కనబడదు. ఆయన తప్పు ఇందులో ఏముంది?

నాకు ఇవేవీ తెలియవు. నాకు నొప్పులు ముందే వచ్చి ఎనిమిదో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. ఏడో నెల పిల్ల బతుకుతుంది గానీ ఎనిమిదో నెల పిల్ల బతకదని మా వైపు ఒక భయం. మంత్రసాని కూడా పిల్లను మా అవ్వ చేతిలో పెట్టి చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. అరచేయంత ముఖం. ఏడుపు కూడా గట్టిగా లేదు. దూదిలో చుట్టి, కుంపటి పక్కన పెట్టుకుని, పాలు పిండి వత్తితో చప్పరింపజేస్తూ కాపాడుకున్నాం. పేరు కూడా పెట్టలేదు. నేను పుస్తకాలు చదివిన మనిషిని, నాకు ఆ భయాలు లేవని అనుకునేదాన్ని. ఆ వారాల్లో పిల్ల ఊపిరి వినడం కోసం నేను ఊపిరి బిగపట్టి కూర్చునేదాన్ని.

రెండో నెల నడుస్తుండగా మా ఆయన వచ్చారు. పిల్లను చూసి చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత చొక్కా జేబులోంచి నోటీసు తీశారు. ఫలానా రోజున తహసీల్దారు ముందు హాజరై రుజువు చూపకపోతే దరఖాస్తు కొట్టేస్తామని ఉంది. గిర్దావర్ రాసినదంతా కచేరీలో ఎవరి చేతనో చదివించుకుని వచ్చారు. తలకు గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని బాలింత మంచం మీద ఉన్న నేను, దూది తీసి పారేశాను.

"అంటే మీ అవ్వ నన్ను ఇంట్ల నుంచి ఎల్లగొట్టినట్టు సర్కారుకు చెప్పిందన్నట్టు" అన్నాను.

జవాబు మా అవ్వ ఇచ్చింది, పొయ్యి దగ్గర నుంచి. "మరేం చెప్పాలె ఆమె? కడుపుతోటున్నదని మొగోనికి చెప్తదా? నేనైనా గదే చెప్తుంటి."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండు ఒడ్ల సర్కార్లు వేరు, రూపాయి బిళ్లలు కూడా మొన్న మొన్నటిదాకా వేరే. ఇద్దరు అవ్వలు మాత్రం నన్ను ముంచడంలో ఒక్కమాట మీద ఉన్నారు. కోపం తగ్గాక ఇంకోటి కూడా అనిపించింది. వాళ్లిద్దరూ ఒక్కటే అయినప్పుడు నేను వేరే దేశం దాన్ని ఎలా అవుతానా అని. కానీ ఇది తహసీల్దారుకు చెప్పే మాట కాదు.

సరి నెలలో బాలింతను పంపరు. మా అవ్వ గడపకు అడ్డంగా కూర్చుంది. మూడో నెల పడనీ అంది, ఐదో నెలయితే ఇంకా మంచిదంది. నోటీసులో తారీఖు ఆగదు కదా అన్నాను. చివరికి ఆమె ఏడుస్తూనే పిల్ల పాదం కింద కాటుక చుక్క పెట్టి, ముఖం కనబడకుండా నాలుగు పొరల గుడ్డ చుట్టి ఇచ్చింది. పడవలో ఎవరో అడిగితే మూటలో ఏమీ లేదన్నట్టు మా ఆయన అటు తిరిగి కూర్చున్నారు. చదువుకున్న మనుషులం ఇద్దరం.

చెన్నూరు చేరేసరికి పొద్దు వాలింది. అత్తమ్మ వాకిట్లోనే ఉంది. గుడ్డ తొలగించి మనుమరాలిని చూసింది. మొదటిసారి చూడటం. "ఇదేం పిల్లనే, ఎండిన బెండకాయ లెక్కున్నది" అంది. అంటూనే కొంగు కింద దాచేసుకుంది. ముద్దొచ్చిందని చెప్పడానికి ఆమె దగ్గర ఉన్న మాట అదే.

కొట్లాట మర్నాడు పొద్దున్నే మొదలైంది. కచేరీకి అందరం పోదాం, పిల్లను చూపిద్దాం, ఎందుకు పుట్టింటికి పోయానో చెబుదాం, పని అయిపోతుంది అన్నాను నేను. అత్తమ్మ ఒప్పుకోలేదు.

"నువ్వు పో. వాడు పోతడు. పిల్ల సంగతి ఎత్తొద్దు. లొల్లయింది, తీరింది, వచ్చిన అని చెప్పు."

"గట్ల చెప్తే కొలువు కోసం వచ్చిన్నంటరు అత్తమ్మా. నోటీసు రాంగనే ఉరికొచ్చిందంటరు."

"అనుకోనీ."

"కొలువు పోతది."

"పోనీ." ఆమె అప్పటిదాకా గట్టిగా మాట్లాడింది, ఇప్పుడు గొంతు తగ్గించింది. "గా కచ్చీరుల ఎంతమంది ఉంటరో నీకెర్కనా? ఎవని కన్ను ఎట్లాంటిదో నీకెర్కనా? నా నాలుగో పిల్లకు ఏడాది నిండింది. నడుస్తుండె. సంతల ఒకామె ఎంత ముద్దుగున్నదే అన్నది. గంతే. గా వారం దాటలే."

ఆ పిల్ల ఏ వాంతుల వల్లో విరేచనాల వల్లో పోయి ఉంటుందని నాకు తెలుసు. ట్రైనింగ్‌లో మాకు అవన్నీ చెప్పారు. చెబుదామని నోరు తెరిచి, ఆమె ముఖం చూసి మూసుకున్నాను. నాకు ఆమె మీద చాలా జాలి కలిగింది. కొలువు మీద ఆశ మాత్రం చావలేదు. రెండూ ఒకేసారి ఉన్నాయి, ఒకటి రెండోదాన్ని తగ్గించలేదు. మా ఆయన ఇద్దరి మధ్యా తన మాట పడనివ్వకుండా గొడ్డలి పిడి చెక్కుతూ కూర్చున్నారు. మూడు రోజులు అదే వాదన. చివరికి నేనే సరే అన్నాను. పిల్ల ఊసు నా నోట రాదని మాటిచ్చాను. ఆమె ముందు గెలవాలని నాకు లేదు, ఆమె కడుపుకోత ముందు అసలే లేదు.

కానీ పిల్ల పాలు తాగాలి. నన్ను వదిలి పూట ఉండలేదు. అందుకని అత్తమ్మ కూడా కచేరీకి వచ్చింది, పిల్లను కొంగు కింద పూర్తిగా కప్పుకుని. లోపలికి రానంది. అరుగు మీద గోడకు ఆనుకుని, జనానికి వీపు పెట్టి కూర్చుంది.

తహసీల్దారుగారు కోస్తా జిల్లాల నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినాయన. పోలీసు చర్య తర్వాత అట్లాంటి వాళ్లు చాలామంది వచ్చారు. ఆయన ముల్కీ కాదు. నన్ను ముల్కీ అవునో కాదో తేల్చవలసింది ఆయనే. ఈ విడ్డూరం ఆయనకూ తెలిసినట్టే ఉంది, కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. మర్యాదగానే మాట్లాడారు. గిర్దావర్ సాబ్ పక్కన నిలబడి తను రాసిన ఉర్దూ రిపోర్టును ఆయనకు తెలుగులో చెప్పాడు.

"మీ అత్తగారితో గొడవపడి వెళ్లిపోయారటగా అమ్మా?" అన్నారు తహసీల్దారుగారు.

"గొడవేం లేదండి."

"ఆవిడే చెప్పారని రాశారు ఇక్కడ. మరి ఇన్ని నెలలు అక్కడెందుకున్నారు?"

నేను అరుగు వైపు చూశాను. మా ఆయన నా వైపు చూశారు. ఆయన కావాలంటే చెప్పొచ్చు. ఆయన ఎవరికీ మాటివ్వలేదు. కానీ నలుగురు పిల్లల తర్వాత పెంటకుప్ప మీంచి లేచిన కొడుకు ఆయన. తల్లి భయాన్ని దాటి నోరు విప్పడం ఆయనకు రాలేదు.

"చూడండమ్మా, పెళ్లి కాగితం ఉంది. కాదనడం లేదు. పెళ్లి కాగితాలు ఈ రోజుల్లో ఎవరైనా తెస్తున్నారు. పట్నంలో ఇదే గోల. చట్టం అడిగేది కాపురం ఉందా అని. మీరిక్కడ ఉండి కాపురం చేస్తున్నారనడానికి రుజువేమిటి?"

రుజువు అరుగు మీద ఉంది. నా రొమ్ములు పాలతో సలపరిస్తున్నాయి, రవిక తడుస్తోంది, కొంగు ముందుకు లాక్కుని నిలబడ్డాను. ఆయన కలం సిరాలో ముంచారు. కొట్టేస్తున్నారని అర్థమైంది. జూన్‌లో ఆ బడి గదిలోకి ఇంకెవరో నడిచి వెళ్లడం నా కళ్ల ముందు కనిపించింది. ఎంత కోపం వచ్చిందంటే, ఎవరి మీదో కూడా తెలియలేదు.

గుమ్మం దగ్గర చప్రాసి ఎవరినో ఆపుతున్నాడు. అత్తమ్మ వాడి చేతి కింది నుంచి దూరి లోపలికి వచ్చింది. తహసీల్దారుగారి వైపు చూడనుకూడా లేదు. నేరుగా గిర్దావర్ సాబ్ దగ్గరికి నడిచింది.

"నాడు నేను నీకు అబద్ధం జెప్పిన సాబ్" అంది. "లొల్లి లేదు, ఏం లేదు. గప్పుడు ఇది కడుపుల ఉండె. తొల్సూరుకు అవ్వగారింటికి పోయింది. నీకు చెప్పబుద్ధి కాలే."

కొంగు తీసింది. గుడ్డ పొరలు ఒక్కొక్కటే తీసింది. ఎవరి కన్ను పడుతుందని అన్నాళ్లు దాచిందో ఆ మనిషి చేతుల్లోనే పిల్లను పెట్టింది. "పట్టుకో. రుజువంటున్నరు గదా. మంచిగ చూడు."

గది అంతా మనుషులే. గుమాస్తాలు, పట్వారీలు, వేరే పనుల మీద వచ్చినవాళ్లు, అందరూ చూస్తున్నారు. అత్తమ్మ కళ్లు మాత్రం గిర్దావర్ నోటి మీద ఉన్నాయి. ఆయన ఏమంటాడో అని. నేనూ అటే చూశాను. ఆయన అలవాటైన చేతులతో మెడ కింద చేయి పెట్టి పిల్లను ఎత్తి పట్టుకుని, కాసేపు చూసి, ముఖం చిట్లించాడు.

"ఏమంత లేదు తీయి. పిల్లికూన లెక్కున్నది, నల్లగ" అన్నాడు.

అత్తమ్మ ఊపిరి వదలడం నాకు వినిపించింది. ఆయన ఈ ముల్కు మనిషి. ఏమనాలో ఆయనకు తెలుసు. ఆ తర్వాత ఆయన తహసీల్దారుగారికి చాలా మెల్లగా చెప్పాడు, తొలిచూలు అని, మా దగ్గర ఇట్లా బయటికి చెప్పరని, తను అడిగిన తీరే సరిగా లేదని. తహసీల్దారుగారు కలం కింద పెట్టి, "మా వైపూ అంతేలెండి" అన్నారు. "ఈమె మీ ఇంట్లోనే ఉంటుందా అమ్మా?" అని అత్తమ్మను అడిగారు. అది రాసుకోవడానికి అడగాల్సిన ప్రశ్న. "ఏడికి పోతది? నోరు ఎక్కువైనా మా పిల్లనే" అంది ఆమె. వేలిముద్ర వేసింది.

కాగితం ఎండలు ముదిరాక ఆదిలాబాద్ నుంచి వచ్చింది. జూన్‌లో బడిలో చేరాను. ఆ కాగితంలో నేను ముల్కీని అని నేరుగా లేదు, ఫలానా ముల్కీ భార్య కాబట్టి ముల్కీ అని ఉంది. అది నాకు కొంచెం గుచ్చుకుంది. ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తర్వాత హైదరాబాద్ రాష్ట్రమే లేకుండా పోయి ఆంధ్రప్రదేశ్ అయింది. మా సిరొంచ బొంబాయికి పోయి, అటు నుంచి మహారాష్ట్ర అయింది. మా అవ్వ పొయ్యి ముందు నుంచి లేవకుండానే అన్ని సర్కార్లు మారింది. ఇవాళ మళ్లీ పిల్లలు ముల్కీ మాట ఎత్తుతున్నారు. వాళ్ల బాధ నాకు తెలుసు, వాళ్లలో నా దగ్గర చదివినవాళ్లూ ఉన్నారు. నేను ఎవరిని అనేది వాళ్లు ఎప్పుడూ అడగలేదు.

కానీ నేను చెప్పాలనుకున్నది కాగితం రాకముందు జరిగింది. కచేరీకి వెళ్లొచ్చిన రెండు మూడు రోజులకు పిల్లకు జ్వరం వచ్చింది. తెల్లవారుజామున ఎత్తుకుంటే ఒళ్లు పెనంలా కాలుతోంది. పాలు పట్టడం లేదు. కళ్లు తేలేస్తోంది. నా చదువు, ట్రైనింగ్, అన్నీ ఆ క్షణంలో ఎటు పోయాయో పోయాయి. అందరి కళ్లూ గుర్తొచ్చాయి, ఆ గదిలో ఒక్కొక్కరివి. నేలమీద కూలబడి, "నా కొలువు కోసం పిల్లను నలుగురి ముందట పెట్టిన అత్తమ్మా, దిష్టి తగిలింది" అని ఏడ్చాను.

అత్తమ్మ నా చేతుల్లోంచి పిల్లను తీసుకుంది.

"దిష్టి లేదు, ఏం లేదు" అంది. "ఎండల బండిమీద తిప్పినం, గందుకు కాలింది. చదువుకున్న దానివి, గా పాటి ఎర్క లేదా? లే. తడిబట్ట తే."

ఉప్పు దిగదుడవలేదు. మిరపకాయలు పొయ్యిలో వేయలేదు. తడిగుడ్డ పిండి పిల్ల నుదుట వేస్తూ, తీస్తూ, మా ఆయనను దవాఖానాకు ఉరికించి, కంపౌండర్ ఇచ్చిన మందు చెంచాతో పోసింది. నన్ను తిట్టింది, మామూలుగా ఎట్లా తిడుతుందో అట్లాగే. ఆ తిట్లకు నాకు ధైర్యం వచ్చింది. ఇంత గట్టి మనిషి ఇది ఎండదెబ్బ అంటే ఎండదెబ్బే అయి ఉంటుందని నమ్మాను. మర్నాటి సాయంత్రానికి జ్వరం దిగింది. పిల్ల బతికింది. పెరిగింది. ఇప్పుడు నోరు నాకంటే ఎక్కువ.

మొన్న వానాకాలం, అత్తమ్మకు చూపు బాగా తగ్గిన తర్వాత, ఇద్దరం వసారాలో కూర్చుని ఉన్నాం. ఆమె చాటలో కందిపప్పు తడిమి రాళ్లు ఏరుతోంది. ఎందుకో ఆ పొద్దు గుర్తొచ్చి అడిగాను. "అత్తమ్మా, జెరమొచ్చిన్నాడు దిష్టి కాదంటివి. నిజంగనే గట్లనుకున్నవా?"

"ఎందుకనుకుంట? దిష్టే" అంది. "అంతమంది కండ్లు వడ్డయి, దిష్టి కాకుంటే ఏంది? పిల్ల పోయిందనే అనుకున్న."

"మరి గట్లెందుకన్నవు?"

ఆమె ఒక రాయి దొరికించుకుని బయటికి విసిరింది.

"దిష్టి అంటే ఏమైతుండె? పిల్లకు అయ్యేదేదో అవును. నువ్వు మాత్రం బతికినన్ని దినాలు గా బడి గడప తొక్కుదువా?"